సంతకం పెట్టే ముందు ఒకసారి చదవనివ్వండి

2025 జూలై 10న మా అమ్మాయి చదివే హైస్కూల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. మీ ఊళ్లోనూ జరిగే ఉంటుంది కాబట్టి షామియానా, మామిడాకులు, సెల్ఫీ ఫ్రేము గురించి నేను చెప్పక్కర్లేదు. అమ్మ పేరుతో మొక్క నాటించారు. మా అమ్మాయి నా పేరు రాసిన అట్టముక్క కట్టి ఒక కానుగ మొక్క నాటింది. నాలుగో రోజుకే అది ఎండకి వాలిపోయింది. భోజనాలు బాగున్నాయి, ఆ ఏడు ఇవ్వడం మొదలుపెట్టిన సన్నబియ్యం అన్నం నిజంగా బాగుంది. ఉపన్యాసాల్లో "తల్లిదండ్రుల భాగస్వామ్యం" అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో వేళ్లు మడిచి లెక్కపెడుతూ కూర్చున్నాను. పధ్నాలుగు దగ్గర విసుగొచ్చి ఆపేశాను.

అంతా అయిపోయి చెప్పులు వేసుకుంటుంటే అటెండరు తీర్మానాల పుస్తకం పట్టుకొచ్చాడు. "అక్కా, ఇక్కడో సంతకం." పేజీ అడుగున అప్పటికే ఏడెనిమిది సంతకాలు, రెండు వేలిముద్రలు ఉన్నాయి. పైన పేజీ అంతా ఖాళీ.

నేను ఆ బడి కమిటీలో, అంటే తల్లిదండ్రులతో వేసే యాజమాన్య కమిటీలో, మెంబర్ని. 2024 ఆగస్టులో చేతులెత్తి ఎన్నుకున్నారు. అప్పట్నుంచి రెండుసార్లు ఇలాంటి ఖాళీ పేజీ మీద సంతకం పెట్టినదాన్నే. ఆ రోజు మాత్రం ఎందుకో చెయ్యి ఆడలేదు. పొద్దుట్నుంచీ విన్న పధ్నాలుగు భాగస్వామ్యాల ప్రభావం కావచ్చు. "రాసినాక తీసుకురా, చదివి పెడతా" అన్నాను. అతను నన్ను అదోలా చూసి, "ఏందక్కా, నువ్వు కూడా రాజకీయం మొదలుపెట్టావా?" అన్నాడు.

అతను చెడ్డవాడు కాదు. మా షాపు ముందు నుంచి పోతే పలకరించకుండా పోడు. కానీ ఆ మాట నన్ను నెల రోజులుగా వదల్లేదు. చదివి సంతకం పెడతాననడం రాజకీయమా? అయితే తప్పేంటి?

ముందురోజు వరండాలో

ఆ రోజు మైకులో పదే పదే చెప్పిన ఇంకో మాట, బడిలోకి రాజకీయాలు తీసుకురావద్దని. పార్టీ కండువాలతో ఎవరూ రావద్దన్నారు, ఎవరూ రాలేదు కూడా. మంచిదే. కానీ కమిటీ ఎన్నికకు ముందురోజు సాయంత్రం మా ఊళ్లో ఒక పెద్దాయన వరండాలో నాలుగు కుర్చీలు వేసి పేర్లన్నీ ఖాయం చేశారు. తరగతికి ముగ్గురు, అందులో ఇద్దరు ఆడవాళ్లు, వెనకబడిన వర్గాలకు చోటు, ఇలా రూల్సు ఏం చెప్పాయో అన్నీ పొల్లుపోకుండా పాటించారు. ఎవరు ఏ పార్టీకి ఓటేస్తారో కూడా అంతే జాగ్రత్తగా చూశారు. మర్నాడు బడిలో మేము చేతులెత్తాం. ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

ఆ పెద్దాయన పిల్లలెవరూ మా బడిలో చదవలేదు. మనవళ్లు పొద్దున్నే ఏడింటికి పసుపు బస్సెక్కి కందుకూరు పోతారు. (రంగులో రాజకీయం వెతక్కండి, బడి బస్సులు ఎక్కడైనా పసుపే.) నా పేరు ఆ జాబితాలో ఎలా వచ్చిందో తర్వాత తెలిసింది. "డిగ్రీ చదివింది, జిరాక్సు షాపు ఉంది, కాయితాలు టైపు చేసిపెడుతుంది" అన్నారట. అంటే కమిటీకి టైపిస్టు దొరికిందని.

చైర్‌పర్సన్‌గా కాలనీ నుంచి ఒక అక్కను పెట్టారు. పొలం పనులకూ, సీజన్లో పొగాకు గ్రేడింగుకూ పోయే మనిషి. మొదటి మీటింగులో ఆమె పిల్లల బెంచీ చివర అంచు మీద కూర్చుంది. ముందు వరస కుర్చీల్లో కూర్చున్నది ఎవరంటే, ఆడ మెంబర్ల మొగుళ్లు నలుగురు. ఒకాయన తన భార్య పేరు పిలిస్తే "ఆ, వచ్చాం" అన్నాడు. బయటికొచ్చాక ఆ అక్క నాతో అన్న మాట: "నన్నెందుకు పెట్టారో నాకు తెల్సులేక్కా. నేనేమీ అడగనని."

అందుకే బడిలో రాజకీయాలొద్దు అన్న మాట వింటే నాకు నవ్వొస్తుంది. పార్టీ గేటు దాటి ఎప్పుడో వచ్చేసి వరండాలో కుర్చీ కూడా వేసుకుంది. రానిది రాజకీయమే. రాజకీయమంటే నేననుకునేది చాలా చిన్న విషయం. పదిమంది సొమ్ము ఎక్కడ ఖర్చయిందో పదిమందిలో అడగడం, అడిగినవాళ్లకి జవాబు చెప్పడం, ఒప్పుకోకపోతే ఒప్పుకోనని పుస్తకంలో రాయించడం. ఇది లేకుండా కండువాలు మాత్రం తీసి మడతపెడితే మిగిలేది ముగ్గుల పోటీ. 2024 డిసెంబరు 7న జరిగిన మొదటి మెగా మీటింగులో మాకు నిజంగానే ముగ్గుల పోటీ పెట్టారు, మగవాళ్లకు తాడు లాగే పోటీ. నాకు రెండో బహుమతి స్టీలు గిన్నె వచ్చింది. దాన్లోనే పెరుగు తోడేస్తున్నాను, కాబట్టి ముగ్గుల మీద నాకేమీ కక్ష లేదు.

రాత్రి బడి

మా అమ్మది కలిగిరి వైపు పల్లె, దూబగుంటకు దగ్గర. అక్కడి ఆడవాళ్ల సారా వ్యతిరేక ఉద్యమం సంగతి నెల్లూరోళ్లకు కొత్తగా చెప్పేదేముంది. కానీ ఆ కథ చెప్పేటప్పుడు మనం చీపుళ్లు, కారంపొడి, పగలగొట్టిన సారా కుండలు చెప్పుకుంటాం, ముందు జరిగిన ముక్క దాటేస్తాం. అదే అక్షరదీపం, పెద్దవాళ్లకు చదువు చెప్పే రాత్రి బడి. అప్పుడు నాకు ఐదేళ్లు. లాంతరు వెలుగులో అమ్మ ఒళ్లో పడుకుని పలక మీద బలపం కీచుమనడం వినడం గుర్తుంది. ఆ బడిలో ఏం నేర్చుకున్నావమ్మా అని మొన్న అడిగితే, "అక్షరాలు కొన్నే వొచ్చినయ్యి. అసలు మేం అక్కడికి పోయింది కూసోడానికి. ఊళ్లో ఆడోళ్లు పొద్దుగూకినాక ఒక తావున కూసునే చోటేదీ, మొగోళ్లకి రచ్చబండుంది, మాకేముంది?" అంది.

అక్కడ కూర్చున్నాక లెక్కలు బయటికొచ్చాయట. ఎవరి ఇంటాయన వారానికి ఎంత తాగుతున్నాడు, కూలి ఎంత, బియ్యానికి ఎంత మిగులుతోంది. ఎవరింట్లో వాళ్లకు అది సిగ్గు. పది ఇళ్లవీ కలిపి చూస్తే అది సిగ్గుగా మిగల్లేదు, అడగాల్సిన విషయమయింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చి, రెండేళ్లకే సడలిపోయింది. ఆ సంగతి ఎత్తితే అమ్మ మొహం తిప్పేసుకుంటుంది.

ఆ తర్వాత జిల్లాలో పొదుపులక్ష్మి వచ్చింది, ఆడవాళ్లు గ్రూపు కట్టి రోజుకో రూపాయి దాచుకోవడం. అమ్మ గ్రూపులో వేలిముద్ర మానేసి సంతకం పెట్టింది అప్పుడే. ఇప్పటికీ మా ఊళ్లో ఏ డ్వాక్రా గ్రూపు మీటింగుకైనా పోయి చూడండి. ఎవరు ఎంత కట్టారు, ఎవరికి బాకీ ఉంది, బ్యాంకులో ఎంతుంది, పుస్తకం పైకి చదువుతారు. పది రూపాయలు తేడా వస్తే గంట సేపు కదలరు. ఎవరూ ఎవర్నీ దొంగ అనుకోరు. ఆ ఆడవాళ్లే బడి కమిటీకి వస్తే ఖాళీ పేజీ మీద వేలు పెట్టి పోతారు.

ఈ తేడా ఎక్కడ్నుంచి వచ్చింది? గ్రూపులో డబ్బు తమది అనుకుంటారు, బడిలో డబ్బు గవర్నమెంటుది అనుకుంటారు. 2025 జూన్‌లో, పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చే తల్లికి వందనం కింద పదమూడు వేలు అకౌంట్లో పడ్డాయి, ఒక్కొక్క పిల్లకీ ఇంకో రెండు వేలు బడుల నిర్వహణకని మినహాయించారు. పదమూడు వేలు ఒకరోజు ఆలస్యమైతే బ్యాంకు చుట్టూ, సచివాలయం చుట్టూ తిరిగిన వాళ్లం మనమే. మిగతా రెండు వేల గురించి మా కమిటీలో ఒక్కరూ నోరెత్తలేదు. నేను కూడా. విద్యాహక్కు చట్టంలో 21వ సెక్షన్ చూస్తే కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, మొత్తంలో సగం మంది ఆడవాళ్లుండాలనీ రాసి ఉంది. బడికొచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో చూడటం కమిటీ పనుల్లో ఒకటని కూడా అక్కడే ఉంది. 2010 నుంచి అమల్లో ఉన్న చట్టం. అడిగితే ఎవరి మీదో అనుమానం పడ్డట్టు కాదు, చట్టం చెప్పిన పని చేసినట్టు.

పెన్సిళ్ల డబ్బాలో రసీదులు

జూలై మీటింగైన మూడు రోజుల తర్వాత హెడ్‌మాస్టరు గారు కబురు చేశారు. నిజం చెప్పొద్దూ, రాత్రి నిద్ర పట్టలేదు, అంత టెన్షన్. ఇక మా అమ్మాయి మార్కుల మీద పడతారేమోనన్న భయం ఒకటి. ఏ తల్లినైనా ఆపేది ఈ భయమే, మిగతావన్నీ సాకులు.

స్టాఫ్ రూములో పుస్తకం తెరిచి ఉంది. పేజీ నిండా రాశారు. మోటారు రీవైండింగు 2,800, మరుగుదొడ్ల గది గడియలు, ఫినాయిలు, చీపుళ్లు, రెండు ట్యాపులు. పక్కనే పిల్లల పాత పెన్సిళ్ల డబ్బా, దాన్లో మడతపెట్టిన రసీదులు. నేను ఒక్కొక్కటీ చూశాను. మోటారు ఫిబ్రవరిలో కాలిపోయింది, అప్పటికి నిధులు లేవు, ఆయన తన జీతంలోంచి కట్టారు. ఐదు నెలలైనా ఆ డబ్బు వెనక్కి రాలేదు. అంతే. నేను లోపల్లోపల ఊహించుకున్న కుంభకోణం ఆ డబ్బాలో లేదు. ఒక మనిషి చేతి డబ్బులు పోగొట్టుకున్న లెక్క ఉంది.

ఆయన మొహంలో మాత్రం కష్టం కనిపించింది. "పద్దెనిమిదేళ్ల సర్వీసమ్మా. లెక్క చూపించమని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలా" అన్నారు. అది గర్వంగా అన్నారో, బాధగా అన్నారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నేను సారీ చెప్పబోయి ఆగాను. సారీ చెబితే అడగడం తప్పని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని, "సార్, ఈ రెండువేల ఎనిమిది వందలు మీకు రావాలని కూడా తీర్మానంలో రాద్దాం" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత రాశారు. అప్పుడు నేను సంతకం పెట్టాను.

ఇక్కడ నన్ను నేను మెచ్చుకోవడానికి ఏమీ లేదు. అడగక ముందు నేను ఆయన్ని అనుమానించాను, ఏడాది పాటు, మనసులో. అడిగాక ఆ అనుమానం పోయింది. మన దగ్గర మధ్య దారి తక్కువ. శాలువా కప్పడం తెలుసు, లేదంటే గేటు ముందు కూర్చుని అరవడం తెలుసు. సౌమ్యంగా "లెక్క చూపిస్తారా" అనడానికి మనకు అలవాటైన గొంతు లేదు. అన్నదమ్ముల మధ్య కూడా లెక్క అడిగితే పొయ్యిలు వేరైపోతాయి కదా.

దాతల పేర్లున్న గోడ

ఊరు బడిని పట్టించుకోవడం అంటే మా వైపు ఎక్కువమంది దృష్టిలో దానం. మా బడి గోడ మీద దాతల పేర్లు నల్లరంగుతో వరసగా ఉంటాయి. ఫ్యానుకో పేరు, గేటుకో పేరు, సరస్వతి బొమ్మకో పేరు. ఆ పేర్లను నేను ఎగతాళి చేయను. ఊరొదిలి పోయినవాళ్లకు బడి మీద మిగిలిన ప్రేమ అది. కానీ ఒక సంగతి చెబుతాను. పూర్వ విద్యార్థుల బ్యాచి ఒకటి ఆత్మీయ సమ్మేళనం పెట్టుకుని, పాత మాస్టర్లకు శాలువాలు కప్పి, బడికి మంచినీళ్ల ప్లాంటు ఇచ్చింది. ఎనిమిది నెలలు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత ఫిల్టర్లు మార్చాల్సి వచ్చింది. ఆ ఖర్చు ఎవరిదో ఎవరికీ తెలీదు. దాతలు ఇచ్చేశాం అన్నారు. బడి వాళ్లు మా పద్దులో లేదన్నారు. కమిటీ మీటింగు ఫొటో తీసుకుని పోయింది. ఇప్పుడు ఆ ప్లాంటు మీద పిల్లలు సైకిల్ తాళాలు పెట్టుకుంటున్నారు. దాతల పేరు మాత్రం చెక్కుచెదరలేదు, మంచి పెయింటు వాడారు.

ఆ బ్యాచిలో ఒక్కరు ఆర్నెల్లకోసారి ఫోన్ చేసి "నీళ్లొస్తున్నాయా?" అని అడిగి ఉంటే ప్లాంటు బతికేదని నా నమ్మకం. దానం ఒక్కరోజు పని, ఫొటోకి బాగుంటుంది. ఆరా తీయడం ప్రతి నెలా చేసే పని, ఎవరూ శాలువా కప్పరు.

కమిటీల చేతిలో నిజంగా డబ్బు, పని రెండూ ఉన్న రోజులు కూడా చూశాం. 2019 నవంబరు 14న ఒంగోలులో బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం మొదలుపెట్టి, మొదటి విడతలో 15,715 బడుల్లో పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారానే చేయించారు. సిమెంటు బస్తా ధర, టైల్సు కొలత తెలిసిన తల్లులు అప్పుడు తయారయ్యారు. కమిటీ చైర్మన్ పదవికి పోటీ పెరిగిందీ అప్పుడే. దాన్ని కొందరు చెడ్డ గుర్తుగా చెబుతారు. పోట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంది అన్నమాట, అదే నయం అంటాను నేను. మా బడిలో ఆ తర్వాత మొదలైన ఒక గది స్లాబు దాకా వచ్చి ఆగిపోయింది, ఊచలు ఆకాశంలోకి చూస్తున్నాయి. దాని గురించి ఎవరూ పోట్లాడటం లేదు.

నాకే ఉన్న అనుమానాలు

ఇదంతా ఒక స్నేహితురాలితో చెబితే ఆమె నవ్వింది. ఆమె వేరే మండలంలో టీచరు. "మీకు లెక్కలు చూపించడానికి మేం కొత్తగా మొదలుపెట్టాలా? హాజరు యాప్‌లో, భోజనం యాప్‌లో, ఒకప్పుడు మరుగుదొడ్ల ఫొటోలు కూడా మేమే తీశాం. ఇంక పాఠం ఎప్పుడు చెప్పమంటావు?" అంది. ఇంకో మాట కూడా అంది, అది ఎక్కువ గుచ్చుకుంది. "అడిగే హక్కు వస్తే ముందు అడిగేది ఎవరో తెలుసా? మీ వరండా పెద్దాయన. ఎవర్ని అడుగుతాడో తెలుసా? కొత్తగా వచ్చిన ఆడ టీచర్ని. అదీ కాలనీ నుంచి వచ్చిన పిల్లయితే ఇంకా ఎక్కువ అడుగుతాడు."

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఊరంటే ఒకే మనిషి కాదు. ఊరికి పెత్తనం ఇస్తే అది ముందు ఊళ్లో పెత్తందారుల చేతికే పోతుంది. నాకు తోచిందల్లా ఒకటే, ఎవరు అడిగారో, ఏం అడిగారో పుస్తకంలోకి ఎక్కాలి. వరండాలో అడిగేవాడికి పేరు రాయించుకోవడం ఇష్టముండదు. ఇది చాలదని నాకూ తెలుసు.

రెండో అనుమానం ఇంకా పెద్దది. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డ్యుఫ్లో, ఇంకొందరు కలిసి ఇలాంటి విద్యా కమిటీల మీదే అధ్యయనం చేసి 2010లో ప్రచురించారు. ఊళ్లలో మీటింగులు పెట్టారు, కమిటీకి ఏ హక్కులున్నాయో చెప్పారు, పిల్లలు ఎంత చదవగలుగుతున్నారో ఊరివాళ్ల చేతే పరీక్షించి చూపించారు. ఫలితం దాదాపు సున్నా. కమిటీలు కదల్లేదు, బడి మారలేదు, పిల్లల చదువూ మారలేదు. అసలు మొదట్లో సభ్యుల్లో కొందరికి తాము సభ్యులమన్న సంగతే తెలీదట. కానీ కొన్ని ఊళ్లలో ఊరి యువకులకు కొద్దిగా శిక్షణ ఇచ్చి సాయంత్రాలు చదివించే శిబిరాలు పెట్టిస్తే, వాటికి వెళ్లిన పిల్లలకు చదవడం వచ్చింది.

ఇది చదివినప్పుడు నా వాదన కింద నేల కదిలినట్టయింది. రెండు వేల లెక్క అడుగుతూ నేను పోగొట్టుకునే గంటలో ముగ్గురు పిల్లలకు చదవడం నేర్పవచ్చు కదా? నిజంగా నేర్పవచ్చు. ఆదివారం షాపు మూసే ఉంటుంది, మా వీధి పిల్లలు నలుగురు వస్తున్నారు, ఆరో తరగతి పిల్లాడొకడు కూడబలుక్కుని చదువుతాడు. కానీ నేను చదివించినంత మాత్రాన కాలిపోయిన మోటారు బాగుపడదు, మోటారు లేకపోతే మరుగుదొడ్డిలో నీళ్లుండవు, నీళ్లు లేకపోతే ఎనిమిదో తరగతి ఆడపిల్ల నెలకు నాలుగు రోజులు బడి మానేస్తుంది. నేను ఒకటి వదిలి రెండోది చేయాలా, రెండూ చేయాలా అన్నది తేల్చుకోలేదు. ఆ అధ్యయనం నాకు చెప్పింది ఇంకొకటుంది. మీకు హక్కుంది అని చెప్పినంత మాత్రాన మనిషి అడగడు. అది మా కమిటీని చూసినా తెలుస్తుంది.

షాపులో టైపు చేసిన అర్జీలు

జనానికి అసలు పట్టింపే లేదు అనేవాళ్లు నా షాపులో ఒక్క సోమవారం కూర్చోవాలి. కలెక్టరేట్లో అర్జీలిచ్చే రోజు కదా. పింఛను, పాసు పుస్తకంలో తప్పు, గట్టు తగాదా, వీధి లైటు, డ్రైనేజీ. మా కందుకూరు వైపు వాళ్లకి ఇంకో ముచ్చట ఉంది, అర్జీ పైన జిల్లా పేరు. 1970లో మమ్మల్ని నెల్లూరులోంచి తీసి కొత్త జిల్లాలో కలిపారు, అదే తర్వాత ప్రకాశం అయింది. 2022 ఏప్రిల్లో తిరిగి నెల్లూరుకిచ్చారు, నా కంప్యూటర్లో నమూనాలన్నీ మార్చుకున్నాను. 2025లో మళ్లీ ప్రకాశంలో కలపాలన్న మాట నడిచింది. ఊరు మాత్రం అంగుళం కదల్లేదు.

తొమ్మిదేళ్లుగా షాపు నడుపుతున్నాను. బడి గురించి అర్జీ టైపు చేయమని వచ్చినవాళ్లు లేరు. అది ఒట్టి భయమూ కాదు, బద్ధకమూ కాదు. 2025 జూలైలోనే, మాకు దగ్గర్లోని కరేడులో భూసేకరణ మీద గ్రామసభ పెడితే ఊరంతా కదిలొచ్చి మా భూములు ఇవ్వం అని అధికారుల మొహం మీదే చెప్పింది. నల్లబర్లీ పొగాకు కొనేవాళ్లు లేక బేళ్లు ఇళ్లల్లో ఉండిపోయినప్పుడు రైతులు రోడ్డెక్కారు. భూమి పోతుందంటే కదులుతాం, పంట పోతుందంటే కదులుతాం. బడి ఒక్కరోజులో పోదు. ఒక టీచరు బదిలీ అయి రెండో వాళ్లు రారు, ఒక గది ఆగిపోతుంది, నలుగురు పిల్లలు పసుపు బస్సెక్కుతారు. మర్నాడు ఇంకో ఇద్దరు. గొంతున్న ఇళ్లు ముందు వెళ్లిపోతాయి. మిగిలినవాళ్లకి గొంతు లేక కాదు, పొద్దున ఆరింటికే పనిలోకి పోవాలి.

మా కమిటీ మీటింగు ఎప్పుడూ పదకొండింటికి పెట్టేవారు. కాలనీ అక్క వస్తే ఆ రోజు కూలి పోయినట్టే. ఇది నేను ఏడాది పాటు గమనించలేదు. షాపు నాది, తాళం వేసి పోతాను. సాయంత్రం ఏడింటికి పెట్టమని అడిగితే టీచర్లకు కుదరలేదు, వాళ్లు ఒంగోలు, కందుకూరు నుంచి వచ్చిపోయేవాళ్లు, బస్సు తప్పిపోతుంది. వాళ్లదీ న్యాయమే. ఆదివారం అంటే వాళ్ల సెలవు. ఎవరో ఒకరి పూట పోవాలి. ఇప్పటిదాకా పోయింది ఎప్పుడూ కూలివాళ్ల పూటే, అందుకే దాని గురించి ఎవరికీ తగాదా రాలేదు.

పోయిన నెల ఒక్కసారి పొద్దున ఏడున్నరకు పెట్టారు. ఇద్దరు టీచర్లు మొదటి బస్సుకే వచ్చారు. కాలనీ అక్క అన్నం క్యారేజీ చేతిలోనే పట్టుకుని వచ్చి, ఈసారి కుర్చీలో కూర్చుంది. మొగుళ్లు ఇద్దరే వచ్చారు, ఆ వేళకి మిగతావాళ్లు నిద్ర లేవలేదనుకుంటా. పుస్తకం నేను పైకి చదివాను. గడియల ఖర్చు దగ్గర ఆమె ఆపింది. "గడియలు నాలుగు రాశారు, మా పిల్ల మూడే అంటుంది." హెడ్‌మాస్టరు గారు లేచి వెళ్లి చూసొచ్చారు. మూడే ఉన్నాయి. నాలుగోది బీరువాలో ఉంది, బిగించలేదు. వడ్రంగి మళ్లీ రాలేదట. మధ్యాహ్నానికి ఆయనే స్క్రూడ్రైవరు పట్టుకుని బిగించారని మా అమ్మాయి చెప్పింది.

ఆ సాయంత్రం అటెండరు షాపుకొచ్చి టీ తాగుతూ, "చైర్మన్ అక్క కూడా మొదలుపెట్టిందే" అన్నాడు. ఈసారి రాజకీయం అన్న మాట వాడలేదు. వరండా పెద్దాయన మాత్రం మా ఆయన్ని బజార్లో ఆపి, "మీ ఇంట్లో పంచాయతీ ఎలక్షన్లకి ఏమైనా ఆలోచన ఉందా?" అని అడిగాడట. 2026లో సర్పంచులకు గడువు తీరాలి. మా ఆయన ఇంటికొచ్చి నన్ను అదే ప్రశ్న అడిగాడు, సగం నవ్వుతూ సగం భయపడుతూ. లేదన్నాను. ఎందుకో ఆ లేదు అంత గట్టిగా రాలేదు.

రెండో శనివారం తర్వాత మళ్లీ మీటింగు ఉంది. పొద్దున ఏడున్నరకే పెట్టండి సార్, ఆగిపోయిన గది సంగతి, మీకు రావాల్సిన మోటారు డబ్బుల సంగతి అజెండాలో రాయండి అని కమిటీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. హెడ్‌మాస్టరు గారు బొటనవేలు బొమ్మ పెట్టారు. అది సరేననా, చూశాననా అన్నది ఇంకా తెలీదు.